చిలకపచ్చ టైల్స్

తెనాలిలో చక్రధర్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. పనిలో చురుకే కానీ, తప్పు చేశానని చెప్పాలంటే మాత్రం అతనికి నోరు పెగిలేది కాదు.

అతను చిన్న చిన్న దుకాణాలకు అలమరలు కంప్యూటర్లో గీసేవాడు. ఆ బొమ్మ ప్రకారం యంత్రం ప్లైవుడ్ బల్లలు కోసేది. బల్లల చివర గాట్లలా కోసిన గాడులు ఉండేవి. ఒకదానిలో ఒకటి దిగితే చాలు, మేకు అక్కర్లేకుండా అలమర నిలబడేది. "నా కొలత వెంట్రుకవాసి తప్పదు" అని ఊరంతా చెప్పుకునేవాడు. అంతవరకు తప్పలేదు కూడా, పాపం.

మస్తానమ్మ ఏళ్ల తరబడి తోపుడు బండి మీద గాజులు అమ్మింది. ఇన్నాళ్లకు ఆమెకు ఒక గది కుదిరింది. శ్రావణ శుక్రవారం నాడు దుకాణం తెరవాలని ఆశ. చక్రధర్ వచ్చి గోడ నుంచి గోడకు కొలుచుకుని వెళ్లాడు. తర్వాత ఆమె ఫోన్ చేసింది.

"బాబూ, గోడలకు చిలకపచ్చ టైల్స్ వేయిస్తున్నాను. చిన్నప్పట్నుంచీ ఆ రంగంటే పిచ్చి నాకు. నీ పనికేమీ అడ్డం కాదుగా?"

"ఏం కాదమ్మా" అన్నాడు చక్రధర్. అని, మరిచిపోయాడు.

దుకాణం తెరిచే ముందు రోజు, గురువారం పొద్దున, యంత్రం నడిపే సాంబయ్య ఫోన్ చేశాడు. "కోసేయమంటావా?"

అప్పుడు గుర్తొచ్చాయి టైల్స్. రెండు వైపులా టైలు, దాని వెనక సిమెంటు. గది అంగుళం పైనే ఇరుకైపోయి ఉంటుంది. ఆగమంటే సాంబయ్య ఎందుకని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. ఇన్ని గొప్పలు పోయి ఇప్పుడేమని చెప్పడం? కంప్యూటర్లో కొలత మార్చడం కాసేపటి పని. ఆ కాసేపు సిగ్గుపడలేక, "కోసెయ్యండి" అన్నాడు. ఎలాగో సర్దుకుంటుందిలే అనుకున్నాడు. గోడ ఎక్కడ సర్దుకుంటుందండీ?

మధ్యాహ్నానికి బల్లలు దుకాణానికి చేరాయి. నిలువు బల్లలు నిలబడ్డాయి. అడ్డబల్ల ఎత్తితే గోడకు కొట్టుకుంది. వంచి చూశారు, తిప్పి చూశారు. "కొస కోసేద్దామా?" అన్నాడు అలమర బిగించడానికి వచ్చిన వడ్రంగి. కోస్తే గాడి పోతుంది. చక్రధర్ చొక్కా చెమటతో తడిసిపోయింది. ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు బయటపడుతుంది అనుకుంటూ అడ్డబల్లను పట్టుకుని నిలబడ్డాడు.

ఎవరూ అడగలేదు. మస్తానమ్మే తల పట్టుకుంది.

"తప్పంతా నాదే బాబూ. నువ్వు కొలిచి వెళ్లాక టైల్స్ కావాలని మొండికేశాను. బంగారంలాంటి నీ పని చెడగొట్టాను" అంది. అక్కడే ఉన్న, టైల్స్ వేసిన మేస్త్రీ వైపు తిరిగి, "రేపు పొద్దున్నే కొబ్బరికాయ కొట్టాలి. వీటిని పగలగొట్టెయ్యయ్యా" అంది.

చక్రధర్ అడ్డబల్లను కింద పెట్టి పక్కకు జరిగాడు.

సుత్తి దెబ్బ పడింది. చిలకపచ్చ ముక్కలు రాలుతుంటే మస్తానమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ వాటిని ఏరసాగింది. ఒక గోడ మొత్తం ఊడింది. మేస్త్రీ రెండో గోడ మీద ఉలి ఆనించాడు.

"ఆపండి" అన్నాడు చక్రధర్. "అమ్మా, తప్పు మీది కాదు. మీరు ముందే చెప్పారు, నేనే మరిచిపోయాను. పొద్దున గుర్తొచ్చింది. అయినా సిగ్గుపడి కోయించేశాను."

మస్తానమ్మ తిట్టలేదు. చేతిలోని ముక్కను చూస్తూ, "పొద్దున్నే చెప్పి ఉంటే నా గోడ నాకు మిగిలేది కదయ్యా" అంది.

చక్రధర్ మళ్లీ కొలిచి సాంబయ్య దగ్గరికి పరుగెత్తాడు. సాంబయ్య నవ్వనూ లేదు, ఎందుకని అడగనూ లేదు. దీపాలు పెట్టే వేళకు కొత్త బల్లలు వచ్చేశాయి.

శుక్రవారం దుకాణం తెరిచారు. గాజులు బాగానే అమ్ముడుపోయాయి. కానీ ఒక గోడ చిలకపచ్చగా, ఒక గోడ బోడిగా ఉంది. చక్రధర్ గుంటూరు దాకా తిరిగాడు, ఆ రంగు టైల్స్ మళ్లీ దొరకలేదు. మస్తానమ్మ ఇప్పటికీ ఆ బోడి గోడకు వీపు పెట్టి కూర్చుంటుంది.

తప్పు తెలిసిన వెంటనే చెప్పేస్తే పోయేది మన గొప్ప మాత్రమే. దాచిపెడితే పోయేది ఎదుటివాళ్ల సొత్తు.