పదహారు దగ్గర ఆగిన అంకె

దగ్గరికి జరగండమ్మా. ఆ గోడకానుకున్న అన్నయ్యా, మీరూ రండి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

పెన్న ఒడ్డున నిర్మమానంద స్వామివారి ఆశ్రమంలో పసిపిల్లల ఆసుపత్రి ఉండేది. అక్కడి కంప్యూటర్లు చూసుకునేవాడు శిష్యుడు త్ర్యంబకం. గొప్ప తెలివి. పిల్లల ఎక్స్‌రేలు ఒక డిస్కులోంచి ఇంకో డిస్కులోకి ఎక్కాలంటే గంట పట్టేది. అతనికి ఓపిక చాలేది కాదు.

యంత్రం లోపల అందరికీ ఒకటే బాట. బస్ అంటారు. మనమెక్కే బస్సు కాదమ్మా! డిస్కు వెళ్లాలన్నా అదే దారి, బిడ్డ ఊపిరిని కనిపెట్టే కార్డు కబురంపాలన్నా అదే. ఎవరు దాన్ని ఎంతసేపు పట్టుకోవచ్చో చెప్పే అంకె ఒకటి, యంత్రాన్ని నడిపే కెర్నల్ అనే ప్రోగ్రాములో ఉంటుంది. డిస్కుకు ముప్ఫైరెండు. త్ర్యంబకం దాన్ని రెండువందల నలభై ఎనిమిది చేశాడు. గంట పని ఇరవై నిమిషాల్లో తేలింది!

పరుగెత్తుకెళ్లి చెప్పాడు. "మూడింతల వేగం, స్వామీ!"

"మిగతావాళ్లో?"

"మిగతావాళ్లెవరు స్వామీ?"

స్వామి లేచి వార్డులోకి నడిచారు. నర్సు ఫిలోమినా నెలలు నిండని బిడ్డను అప్పుడే ఆ యంత్రం దగ్గరికి తెస్తోంది.

"ఆగు తల్లీ. ముందు నేను" అని ఆ కార్డుకు తగిలించిన ఊపిరి పట్టీ అందుకున్నారు. ఆయన ఛాతీకి అది చాలలేదు. గాజుగుడ్డ కలిపి ముడేశారు.

"ఇదేం చోద్యం స్వామీ, ఈ వయసులో పసిబిడ్డలయ్యారా?" అని నవ్వింది ఫిలోమినా.

"డిస్కు నడుపు, నాయనా."

నడిపాడు. తెర మీద ఊపిరి నిమిషానికి పదహారు. స్వామి కళ్లు మూసుకుని కుంభకం పట్టారు.

ఊపిరి ఆగిన పది సెకన్లకు గంట మోగాలి. పది దాటింది. ఇరవై. మోగలేదు. ముప్ఫై. ఛాతీ రాయిలా ఉంది. తెర మీద మాత్రం పదహారు... పదహారే!

ఫిలోమినా నవ్వు ఆరిపోయింది. బిడ్డను గుండెకు అదుముకుంది.

"స్వామీ, ఊపిరి తీసుకోండి!" అని అరిచాడు త్ర్యంబకం. ఆయన ముఖం కందిపోతోంది. అప్పుడు వెలిగింది అతనికి: డిస్కు బాటను వదలక, కార్డు కబురు దారి దొరక్క ఆగిపోయింది. ఒక్క ఉదుటున డిస్కు ఆపేశాడు.

గంట మోగింది. వార్డంతా అదిరిపడింది.

స్వామి మెల్లగా ఊపిరి తీసుకుని, పట్టీ విప్పి శిష్యుడి చేతిలో పెట్టారు.

"ఇప్పుడు చెప్పు. ఎంత వేగం?"

త్ర్యంబకం అంకెను మళ్లీ ముప్ఫైరెండుకు దించాడు. డిస్కు నడిపి, పట్టీ తన ఛాతీకి కట్టుకుని ఊపిరి బిగబట్టాడు. పదో సెకనుకు గంట మోగింది. అప్పుడు గానీ ఫిలోమినా వైపు చూసి తల ఊపలేదు.

తల్లుల్లారా, తండ్రుల్లారా, ఇల్లు చేరేసరికి ఈ అంకెలన్నీ మరిచిపోండి, తప్పులేదు. ఆ పట్టీ కట్టుకోవడం ఒక్కటి గుర్తుంచుకోండి. రేపు మీ చేత్తో దేన్ని మార్చినా, ముందు మీరు కట్టుకోండి.