ఒకే గిన్నెలో పిండి

"మాస్టారూ, ఫోన్‌కీ కంప్యూటర్‌కీ విడివిడిగా ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లను మా కంపెనీ ఒకటి చేసేస్తుందా?"

మా అమ్మాయి సునయన మాస్టారి గుమ్మంలోనే అడిగేసింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అది కంప్యూటర్ సిస్టమ్ రాసే బృందంలోనే ఉంది. రెండూ కలిసిపోతే ఆ బృందం ఉండదని ఆఫీసులో గుసగుస. వేరే కంపెనీ ఉద్యోగానికి పిలిచింది. వస్తావో రావో సాయంత్రంలోగా చెప్పమంది. రాత్రి అది నిద్రపోలేదు. నేనూ పోలేదు. దానికి ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఈ మాస్టారే, ఈయన మాటైనా వింటుందేమోనని వెంటబెట్టుకొచ్చాను.

పరాంకుశం మాస్టారు ఏనాడూ సూటిగా జవాబు చెప్పరు. ఏదో ఒక పని చెబుతారు. ఆ ఉదయం వంటింట్లో ఉన్నారు. ఒక గిన్నెలో ఇడ్లీ పిండి, ఇంకోదాంట్లో దోసెల పిండి. రెండు గిన్నెలు తోమలేకపోతున్నానని, ఒకదాంట్లోకి పోసెయ్యమని అన్నారు.

ఎవరైనా కలుపుతారా? వద్దనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. అది పోసేసింది.

మొదటి వాయి ఇడ్లీలు అప్పడాల్లా చదునుగా దిగాయి. పెనం మీద రవ్వ అడ్డుపడి దోసె చిరిగింది. మాస్టారు మాత్రం పళ్ళెం ముందేసుకుని, ఆకలేస్తోందన్నారు. పొద్దెక్కిపోతోంటే ఈయనకి టిఫిన్ గొడవ.

సునయన కాసేపు గిన్నెలోకి చూసింది. కాసిని నీళ్లు కలిపి, కదపకుండా వదిలేసింది. రవ్వ అడుక్కి దిగాక, పైన తేరిన జారు పిండిని గరిటెతో తీసి పెనం మీద తిప్పింది. అడుగున గట్టిగా మిగిలినదాన్ని ఇడ్లీ ప్లేట్లకెత్తింది. గొప్పగా ఏం రాలేదు. తినేలా వచ్చాయి.

"కలపమంటే మళ్లీ విడదీశావేం?" అన్నారు మాస్టారు, దోసె తుంచుతూ.

"పెనానికి జారుగా ఉండాలి కదండీ. ప్లేటుకి గట్టిగా ఉండాలి."

ఇంతలో దాని ఫోన్ మోగింది. ఆ పిలిచిన కంపెనీ వాళ్లే. అది నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది. ఫోన్ ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది. ఇంతకీ ఆ సిస్టమ్‌లు కలిపేస్తారో లేదో మీరు చెప్పనే లేదంది.

మాస్టారు ఇంకో దోసె కోసం పళ్ళెం చాపారు.

"కలిపితే కలపనీ. పెనమూ ఇడ్లీ ప్లేటూ ఇంకా రెండే కదే, అమ్మాయ్."