తోడుకోని పాలు

పూర్వం మణిపుష్పక రాజ్యాన్ని రత్నకేతు మహారాజు పాలించేవాడు. ఆయన ఆస్థాన రసవాది సూక్ష్మానందుడు వెండిని కంటికానని ధూళిగా నూరి, అది చల్లితే పైరు పదింతలవుతుందని నమ్మబలికాడు. ప్రతి చేనిలోనూ చల్లమని రాజాజ్ఞ వెలువడింది.

తన చేనిగట్టున అడ్డు నిలిచిన నూకాలు అనే రైతు ఇల్లాలిని భటులు సభకు తెచ్చారు.

"పక్కచేలో చల్లాక వానపాము కనబడలేదు, వేసిన పెంట కుళ్లలేదు. నా చేనికి వద్దు మహాప్రభూ!"

"కంటికే కనబడని ధూళి ప్రాణులనేం చేస్తుందే వెర్రిదానా?" అన్నాడు రసవాది.

"అయితే ప్రభువుల పాలకు తోడు వేసేటప్పుడు ఒక్క చిటికె కలపండయ్యా. పెరుగైతే నా చేనంతా చల్లుకోండి."

రాజు నవ్వి ఒప్పుకున్నాడు.

మరునాడు ఆయన పప్పు, పులుసు ఆరగించి పెరుగు కోసం నిరీక్షించాడు. పెరుగన్నం తినందే విస్తరి ముందునుంచి లేవరాదని ఆ వంశాచారం. పాలు మాత్రం పాలుగానే ఉన్నాయి. సూర్యుడు పడమటికి వాలాడు. ప్రభువుల చెయ్యి ఎండి అట్టకట్టింది. సూక్ష్మానందుడు కుండను ఒడిలో పెట్టుకుని, "తోడుకో, తల్లీ!" అని బతిమాలుతున్నాడు.

నూకాలును పిలిపించారు.

"మహాప్రభూ, పాలను పెరుగు చేసే తోడువంటిదే పెంటను ఎరువు చేసే ప్రాణికోటి. అదీ కంటికి కనబడదు. తోడు చచ్చినందుకు తమరు ఒక్కపూట కూర్చున్నారు. ఆ ప్రాణికోటి చస్తే నా పైరు ఏడాదంతా ఇలాగే విస్తరి ముందు కూర్చోవాలి."

రాజు తన చేతిని చూసుకుని, "ఈమె గట్టు ఎవ్వరూ తొక్కరాదు" అని శాసించాడు. పిమ్మట గొంతు తగ్గించి, "అమ్మా, మీ ఇంట కాస్త పెరుగుందా?" అన్నాడు.