నాంచారమ్మ అప్పడాల ప్రణాళిక

ఒకానొక కొండల రాజ్యాన్ని ప్రచండకేతు అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ప్రణాళికల పిచ్చి. ఎవరు ఏ వ్యాపారం మొదలుపెట్టాలన్నా ముందు దాని ప్రణాళిక రాసుకొచ్చి సభలో చదివించాల్సిందే. "ఒక్కసారి వింటే చాలు, నిలిచేదేదో మునిగేదేదో చెప్పేస్తాను" అని ఆయన మీసం దువ్వేవాడు. ఆయన చెవికి అన్నీ మునిగేవిగానే వినిపించేవి.

ఆ రాజధానిలో నాంచారమ్మ అనే పరదేశి ఉండేది. కోట కట్టే పనికి భర్త వెంట వచ్చింది. భర్త జ్వరంతో పోయాడు. పుట్టిల్లు నెలల ప్రయాణం. పిల్లలిద్దరూ పసివాళ్ళు. వీధిలోవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు గాని, వాళ్ళ పలకరింపులు గుమ్మం దాటి లోపలికి వచ్చేవి కావు. సత్రంలో వంటపని ఉంది. దానికి తెల్లవారకముందే వెళ్ళి పొద్దుగూకాక రావాలి. ఎవరూ ఎరగని ఊళ్ళో పిల్లల్ని లోపల పెట్టి గొళ్ళెం వేసుకుని ఎలా వెళ్ళడం? అందుకే ఇంట్లోనే అప్పడాలు ఒత్తి అమ్ముకుందామనుకుంది.

ప్రణాళిక రాయడానికి కూర్చుంది. అబద్ధం రాయడమంటే ఆమెకు భయం. "రోజూ ఎండబెడతాను" అని రాసి, మబ్బు పట్టిన రోజు మాటేమిటని కొట్టేసింది. "అందరికీ నచ్చుతాయి" అని రాసి, అందరూ తిని చూశారా అని అదీ కొట్టేసింది. ప్రతి ప్రణాళికలోనూ రాజు అడిగే ప్రశ్నల్లో చివరిదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. యజమానికి జబ్బు చేస్తే చూసేదెవరు?

తెలిసినవాళ్ళ పేర్లు తలుచుకుంది. రోజూ పాలు పోసే మనిషి పేరే తనకు తెలియదని అప్పుడు తట్టింది. "ఎవరూ లేరు" అని రాసింది.

సభలో మంత్రి సగం చదివాడో లేదో, రాజు చెయ్యెత్తాడు.

"ఇల్లు ఇల్లే, వ్యాపారం వ్యాపారమే! పిల్లలు తిరిగేచోట పనేమిటి?"

"పిల్లలు అప్పడాల మీద నడుస్తారు మహాప్రభూ. బుల్లి పాదాల అచ్చులు ఉచితం!" అన్నాడు మంత్రి. సభ గొల్లుమంది.

అంతలో చిన్నారి యువరాజు ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి, సింహాసనమెక్కి తండ్రి ఒళ్ళో కూర్చున్నాడు. వెనకే దాసి వచ్చింది. "రాజమాత రమ్మంటున్నారు ప్రభూ, చారు చల్లారిపోతోందట."

రాజు లేచాడు. "రేపు ఇంకొకటి రాసుకురా. అదీ ఇలాగే ఉంటే నీ దారి సత్రానికే."

మర్నాడు నాంచారమ్మ మరో ప్రణాళిక తెచ్చింది.

"ఇది నాది కాదు మహాప్రభూ. ఈ ఊళ్ళోనే ఇంకో ఇంటిది. ఇది నిలుస్తుందో మునుగుతుందో తమరు సెలవిస్తే నాది దిద్దుకుంటాను."

రాజుకు హుషారొచ్చింది. మంత్రి గొంతు సవరించుకుని చదివాడు.

"పని జరిగేది ఇంటి ముందు భాగంలో. వంటింటి పోపు వాసన అక్కడిదాకా వస్తుంది."

రాజు పకపకా నవ్వాడు. "మనుషులు పనిచేస్తారా, ఆకలితో చస్తారా!"

"పని మధ్యలో పిల్లవాడు వచ్చి యజమాని ఒళ్ళో కూర్చుంటాడు. తల్లి పిలిస్తే యజమాని భోజనానికి లేచిపోతాడు. వచ్చినవాళ్ళు అలాగే పడి ఉంటారు."

సభలో ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోసాగింది. రాజు మాత్రం తొడ చరుచుకున్నాడు. "ఊఁ, చదవవయ్యా!"

"ఇల్లాలు కాలం చేసింది. తల్లి ముసలిది. యజమానికి జబ్బు చేస్తే చూసేదెవరు..." మంత్రి ఓరగా రాజు వంక చూశాడు. "ఎవరూ లేరు."

"ఏడాది తిరక్కుండా మునుగుతుంది! ఎవడా తెలివితక్కువవాడు? ఎక్కడా ఇల్లు?"

"తమరు కూర్చున్నదే, మహాప్రభూ" అంది నాంచారమ్మ.

రాజు మీసం దువ్వబోయి మానేశాడు.

"పిల్లవాడి సంగతీ, చారు సంగతీ నిన్న చూశావు. ఆ చివరి మాట నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు ప్రభూ. నా దాంట్లో అదే రాయాల్సి వచ్చినప్పుడు ఏడుపొచ్చింది. ఇంత పెద్ద ఇంట్లో ఎవరైనా ఉంటారులే అని తమరి పక్కన వెతికాను. అందరూ తమరి ముందర నిలబడ్డవాళ్ళే. పక్కన ఒక్కరూ కనబడలేదు."

రాజు తల వంచుకున్నాడు. తర్వాత తలెత్తి అన్నాడు, "ఒత్తుకో తల్లీ, నీ అప్పడాలు. రోజూ పొద్దున్నే మా దాసి వచ్చి కోటకు కావలసినవి కొనుక్కుంటుంది. ఏ రోజైనా నీ తలుపు తెరుచుకోకపోతే ఆ కబురు నాకు చేరుతుంది. వైద్యుడు వస్తాడు. నువ్వు లేచి తిరిగేదాకా పిల్లలు మా అమ్మ దగ్గర ఉంటారు."

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది. "మరి తమరి తలుపు తెరుచుకోకపోతే ప్రభూ?"

"నాకేం? రాజ్యమంతా వచ్చి గుమ్మంలో నిలబడదూ!"

"నిలబడుతుంది ప్రభూ. తలుపు తట్టడానికే ఎవరికీ ధైర్యం చాలదు."

ఈసారి రాజు కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. తన మెడలోని ముత్యాల హారం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"అయితే దాసి రావద్దులే. రోజూ అప్పడాలు నువ్వే పట్టుకురా. తిన్నగా లోపలికొచ్చి తలుపు తట్టు. పిల్లల్ని కూడా తీసుకురా. మావాడికి ఆడుకోవడానికి ఎవరూ లేరు."