పిడికిలికొండ నరసింహుడు

పూర్వం, నల్లమల కనుమలను పాలెగాళ్ళు పంచుకొని ఏలుతున్న కాలంలో, కొండమనాయుడనే దొర కోటకు ఎదురుగా ఉన్న నిలువుకొండ మీద ఒక చెంచుగూడెం ఉండేది. ఆ గూడెంలో బయ్యన్న అనే భక్తుడు కొండ అంచు నుండి తాడు కట్టుకొని దిగి, రాతి చరియకు వేలాడే తేనెపట్లను కోసుకొచ్చి జీవనం సాగించేవాడు. చెంచుల్లో ఒక కట్టుబాటు ఉంది. తేనెకు దిగేవాడి తాడును పైన అతని భార్య తోడబుట్టినవాడే పట్టుకోవాలి. సొంత అన్నదమ్ములకైనా ఇవ్వరు. ఆడపడుచు పసుపుకుంకుమలే ఆ తాడుకు వేలాడుతుంటే ఎవడు చెయ్యి వదులుతాడు? అందుకని బయ్యన్న తాడు ఎప్పుడూ బావమరిది గురవన్న చేతిలోనే ఉండేది.

ఇలా ఉండగా శత్రువులు కనుమదారిన చొరబడి కోటలోని ఆవులమందను తోలుకుపోయారు. కనుమకు కావలి ఉండవలసిన దళవాయి బసవప్ప ఆ పూట తాగి ఒళ్ళు తెలియక పడి ఉన్నాడు. ఆ సంగతి బయటపడితే తల దక్కదని భయపడి, "పగవాళ్ళకు దారి చూపింది ఆ బయ్యడే ప్రభూ! అడవిదారులు వాడికి తెలిసినట్టు ఎవడికి తెలుసు?" అని నాయుడి చెవిలో వేశాడు. ఇద్దరు బంట్లు కళ్ళారా చూశామని అబద్ధపు సాక్ష్యం పలికారు.

"నేను చూపలేదు దొరా. మా నరసింహుడి తోడు" అన్నాడు బయ్యన్న.

"అయితే ఆ నరసింహుడే తేలుస్తాడులే!" అని దళవాయి ఎగతాళి చేశాడు. "వీణ్ణి తేనెకు దించుదాం ప్రభూ. తాడు మన బంట్లు పట్టుకుంటారు. సత్యవంతుడైతే పైకి వస్తాడు."

కోపంతో ఉన్న నాయుడు సరేనన్నాడు. గురవన్నను పెడరెక్కలు విరిచి కట్టేశారు. కొండ అంచున బయ్యన్న భార్య పోతమ్మ, "దిగొద్దు మావా, వదిలేస్తారు వీళ్ళు!" అని కాళ్ళకు చుట్టుకుంది. బయ్యన్న ఆమెను లేవనెత్తి, అక్కడే రూపమేమీ లేని ఒట్టి బండగా వెలసి ఉన్న నరసింహస్వామి వైపు తిరిగాడు. చెంచుల ఆడబిడ్డ చెంచితను పెళ్ళాడిన స్వామి గనుక ఆయన చెంచులందరికీ బావే.

"బావా! ఇన్నాళ్ళూ నా తాడు నా బావమరిది పట్టాడు. వాణ్ణి ఇవాళ కట్టేశారు. నీ బావమరిది తాడు నువ్వు పట్టుకో. వదిలావా, మా చెంచితకు నువ్వే జవాబు చెప్పుకో!" అని కేకేసి, గోవిందా అంటూ దిగిపోయాడు.

సగం దిగి ఒక తేనెపట్టు కోసి బుట్టలో వేసుకున్నాడో లేదో, దళవాయి కన్ను గీటాడు. బంట్లు తాడు వదిలేశారు! తాడు సర్రుమంటూ అంచు వైపు దూసుకుపోయింది. జనం హాహాకారాలు చేశారు. అంతలో కొండంతా అదిరిపోయేలా సింహగర్జన! బండ ఫెళ్ళున పగిలి, అందులోంచి రాతి చెయ్యి ఒకటి చాచుకొని వచ్చి, జారిపోతున్న తాడు కొసను పిడికిట బిగించింది! దళవాయి పళ్ళు కొరుకుతూ తాడు మీద కత్తి వేశాడు. కత్తి రెండు ముక్కలైంది గాని తాడులో ఒక్క పోగు తెగలేదు.

అగాధం నుండి బయ్యన్న గొంతు వినిపించింది. "మెల్లగా బావా! తేనె ఒలికిపోతోంది!"

బంట్లిద్దరూ నాయుడి పాదాల మీద పడి నిజం చెప్పేశారు. నాయుడు స్వయంగా గురవన్న కట్లు విప్పాడు. పదిమంది లాగినా సడలని ఆ పిడికిలి, గురవన్న వచ్చి తాడు అందుకోగానే సడలింది. బయ్యన్న తేనెబుట్టతో పైకి వచ్చాడు. దళవాయి దేశం వదిలిపోయాడు. నాయుడు అక్కడే ఆలయం కట్టించి, పూజ చేసే హక్కును బయ్యన్న వంశానికే రాసిచ్చాడు.

అదే నేటి పిడికిలికొండ. గర్భగుడిలో ముఖం లేదు, కిరీటం లేదు. బండలోంచి వచ్చిన ఆ పిడికిలి ఒక్కటే స్వామి. నమ్మనివాళ్ళు కొండెక్కి చూసుకోవచ్చు. చేయని తప్పుకు నింద మోస్తున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుండో వచ్చి ఆ వేళ్ళ సందున తమ వేలు ఉంచి నిలబడతారు. ఏ నిందో పూజారి అడగడు. రోజూ అభిషేకం కాగానే ఆ పిడికిలి లోపలంతా వెన్న రాస్తారు. నిండు మనిషి బరువును ఆపిన చెయ్యి, ఎంత ఒరుసుకుపోయిందో కదా!