సత్తిరాజుగారికి ఏ ర్యామ్ వెయ్యాలి

అబ్బులు మాస్టారికి ఒక అలవాటుంది. "ఇది ఎలా పనిచేస్తుంది" అని అడిగితే ఓపిగ్గా చెబుతాడు. "రెండిట్లో ఏది మంచిది" అని అడిగితే మాత్రం నోరు విప్పడు. ఏదో ఒక ఇంటికి పంపించేస్తాడు. కాకినాడలో పాతికేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకుని ఊళ్ళో నలుగురు సొంతంగా షాపులు పెట్టుకున్నారు. ఆ నలుగుర్నీ ఆయన తయారుచేసింది ఇలాగే, ఇళ్ళకి తోలి.

ఇంజనీరింగు మధ్యలో వదిలేసి వచ్చిన ఏసుపాదం ఒకరోజు పొద్దున్నే అడిగాడు. వాడి ముందు రెండు ర్యాములున్నాయి. ఒకటి పేరున్న కంపెనీది, గట్టి అట్టపెట్టెలో, సీలుతో. రెండోది పేరూ ఊరూ లేనిది, ఉత్త కవర్లో. మొదటిదాని ధరకి రెండోవి రెండొస్తాయి.

"మాస్టారూ, చిప్పులు రెండిట్లోనూ ఒకే ఫ్యాక్టరీవి. నంబర్లు కూడా చూశాను. ఆ స్టిక్కరు కోసం డబుల్ పెట్టడం దండగ కాదూ?"

మాస్టారు ఏదో పాత ర్యామ్ పిన్నుల్ని పెన్సిలు రబ్బరుతో రుద్దుతున్నాడు. తలెత్తలేదు.

"జగన్నాథపురంలో సత్తిరాజుగారని ఉన్నారు. మెషీను ఈడుస్తోందంట. రెండూ పట్టుకెళ్ళి నీకు తోచింది వేసిరా."

"నాకు తోచిందేనా?"

"నీకే. నాకు తోస్తే నేనే వెళ్దును కదరా."

ఆ షాపులో ఒక పద్ధతుంది. పేరులేని ర్యామ్ వేస్తే టెస్టు పెట్టి, పొద్దున్నించి సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చోవాలి. ఒక్క రౌండుకి ఇరవై నిమిషాలు చాలు. కానీ కొన్ని ముక్కలుంటాయి, చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటాయి, ఒళ్ళు కాగాక గానీ వాటి సంగతి బయటపడదు. ఈ పద్ధతి ఏసుపాదానికి తెలుసు. తెలుసుగానీ, ఒకచోట కూర్చోవడమంటే వాడికి చిన్నప్పట్నించీ ఒంటికి పడదు. కాలేజీ వదిలేసింది కూడా అందుకే.

సత్తిరాజుగారు పోర్టులో ఓడ సరుకు లెక్కలు రాసే టాలీ గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. మేడమీద ఒక్క గది. ఏసుపాదం గుమ్మంలోకి అడుగుపెట్టాడో లేదో, ఆయన గబగబా కుర్చీలో పేపర్లు తీసి మంచం మీద పడేశాడు.

"కూర్చో బాబూ. టీ పెడతాను. చెస్ వచ్చా నీకు?"

"రాదండి."

"పది నిమిషాల్లో నేర్పేస్తాను. గుర్రం ఒక్కటే కాస్త పెంకిది, మిగతావన్నీ చెప్పినట్టు వింటాయి."

"ఇంకా మూడిళ్ళకి వెళ్ళాలండి," అన్నాడు ఏసుపాదం. వెళ్ళాల్సిన ఇల్లు ఒక్కటీ లేదు.

చవకది వేశాడు. పెద్దాయనకి డబ్బు మిగిల్చానన్న తృప్తి కూడా కలిగింది. ఆ మాటే ఆయనతో అన్నాడు.

"నీ ఇష్టం బాబూ. సాయంత్రం ఐదింటికి పనిచేస్తే నాకదే చాలు."

"ఐదింటికేంటండి?"

"నాకో మనిషి వస్తాడు."

ఎవరో చుట్టమనుకున్నాడు ఏసుపాదం. ఒక రౌండు టెస్టు నడిపాడు. ఒక్క తప్పూ రాలేదు. టీ మరుగుతుండగానే మెట్లు దిగేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఫోనొచ్చింది. స్క్రీను నీలంగా మారి దానంతటదే ఆరిపోతోందని. ఏసుపాదం వెళ్ళేసరికి సత్తిరాజుగారు తిట్టలేదు. గోడమీద క్యాలెండరు చూపించాడు. దానిమీద పెన్సిలుతో తొమ్మిది, నాలుగు, మూడు, అయిదు. అంతే, అక్కడితో ఆగిపోయింది.

"అస్సాంలో జోర్హాట్ అని ఉందిలే. అక్కడ టీ తోటలో గుమాస్తా ఆయన. బరువా అంటారు. ఐదేళ్ళ నించీ రోజూ ఐదింటికి నెట్లో ఇద్దరం చెస్ ఆడుకుంటాం. ఆయనకీ ఎవరూ లేరు. మొహాలు చూసుకోలేదనుకో. నిన్న చెప్పాడు, తెల్లారగానే క్వార్టరు ఖాళీ చేసి సొంతూరు పోతున్నానని, అక్కడ నెట్టూ అదీ ఉండదని. ఫోన్ నంబరు పెట్టాడు. నాలుగు అంకెలు రాసుకున్నాను, ఐదోది రాద్దామని తలెత్తేసరికి నీలం."

"మళ్ళీ ఆన్ చేస్తే?"

"చేశాను. సగంలో మళ్ళీ పోయింది. మూడోసారికి సైటులోకెళ్ళాను. ఆటలో అనుకున్న మాటలు ఆ సైటు దాచదంట కదా. ఆయనా లేడు. పావుగంట చూసుంటాడు పాపం. చెప్పాపెట్టకుండా లేచి వెళ్ళిపోయాననుకునుంటాడు."

"ఐదేళ్ళలో ఒక్కసారైనా నంబరు అడగలేదాండి?"

"ఎందుకడుగుతాను బాబూ? రేపు ఐదింటికి ఎలాగూ వస్తాడు కదా."

ఏసుపాదం తల వంచుకుని చవకది పీకేసి బ్రాండుది వేశాడు. డబ్బులొద్దన్నాడు.

"నీ తప్పేముందిలే," అన్నాడు సత్తిరాజుగారు. "వేడికి పోతాయంట కదా అవి."

తిట్టినా బాగుండేదనిపించింది వాడికి. ఆ రోజు వాడు వెళ్ళిపోలేదు. టెస్టు పెట్టి, అది అయ్యేదాకా కూర్చున్నాడు. ఐదయ్యేసరికి పెద్దాయన మొహం కడుక్కుని, చొక్కా వేసుకుని వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. బోర్డు తెరిచాడు. పావులన్నీ వాటి వాటి గళ్ళల్లో నిలబడ్డాయి. బరువా పేరు పక్కన, మనిషొస్తే పచ్చబడాల్సిన చుక్క బూడిదరంగులోనే ఉండిపోయింది. ఎవరితోనైనా ఆడొచ్చు, ప్రపంచంలో లక్షమంది ఉన్నారని స్క్రీను చెబుతూనే ఉంది. ఆయన ఎవర్నీ నొక్కలేదు. ఆరున్నర దాకా చూసి, లేచి అన్నం వార్చుకున్నాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఏసుపాదం వారంపాటు రోజూ నాలుగున్నరకి ఏదో వంక పెట్టుకుని వెళ్ళాడు. మెషీను మాత్రం రాయిలా నడిచింది. ఒక్కసారి కూడా తడబడలేదు.

ఎనిమిదో రోజు షాపులో మాస్టారి ఎదురుగా నిలబడి జరిగిందంతా చెప్పాడు. మూడిళ్ళున్నాయని అబద్ధమాడిన సంగతీ, ఒక్క రౌండుతో లేచొచ్చిన సంగతీ దాచలేదు. మాస్టారు చేతిలో పని ఆపి విన్నాడు.

ఆఖర్న ఏసుపాదమే అడిగాడు. "రేపు బస్టాండు పక్కన నెట్ సెంటరుకి ఆరు మెషీన్లకి ర్యామ్ వెయ్యాలి మాస్టారూ. వాటికీ బ్రాండువే తెప్పించమంటారా?"

"ఎందుకురా? చవకవి చాలు. వాళ్ళ మెషీను ఆరిపోతే ఏమవుతుంది, పక్కదాంట్లో కూర్చోబెడతారు. ఆ షాపుకి ఇవాళొచ్చినవాడు రాకపోయినా ఎల్లుండి ఎవడో ఒకడు వస్తాడు."