ఓనమాల పుస్తకం ఎవరిది?

నేను పుట్టకముందు మాట, అంటే భూమి ఇంకా పచ్చిగా ఉన్న రోజులు. చాపలల్లే నూకాలు పెంచిన మేక బడిలో దూరి, ఊరికున్న ఒక్కగానొక్క ఓనమాల తాళపత్ర పుస్తకాన్ని నమిలేసింది. దిగులుతో పంతులు మంచం పట్టాడు. బడి మూతపడేసరికి నాలుగువేల మంది పిల్లలు నూకాలు ఇంటి కప్పెక్కారు.

అలాంటి పుస్తకమే రాజుగారి గ్రంథ భాండాగారంలో ఉందని విని నూకాలు పరుగెత్తింది. చూసిన అక్షరాలను చూసినట్టే చాపలో అల్లుకోవాలని ఆమె ఆలోచన.

గుమ్మంలో భాండాగారాధికారి సోమయాజులు నిలబడ్డాడు. ఆయన తలపాగా విప్పితే ఊరంతటికీ పందిరి వెయ్యొచ్చు.

“నీకు చదువొచ్చా?”

“రాదు బాబూ.”

“అయితే పో. చదువు రానివాళ్ళు ఇక్కడి పుస్తకాలు ముట్టుకోకూడదు. రాజాజ్ఞ!”

“మరి ఓనమాల పుస్తకం ఎవరికోసం రాశారు బాబూ?”

“ఓనమాలు రానివాళ్ళకోసం.”

“వచ్చినవాళ్ళకో?”

“వాళ్ళకెందుకే!” అనేసి ఆయన ఆగిపోయాడు. వచ్చినవాళ్ళకు అక్కర్లేదు, రానివాళ్ళకు చూపకూడదు. మరి ఇన్నేళ్ళూ తను దాన్ని ఎవరికోసం కాపలా కాసినట్టు? మూడు పగళ్ళు అక్కడే నిలబడి ఆలోచించాడు. తల తిరిగి తలపాగా కూడా తిరిగింది.

“సరే, ఆ ఒక్క పుస్తకం మాత్రం చదువు రానివాళ్ళే ముట్టుకోవాలి!” అంటూ తాళం తియ్యబోయాడు.

“ఆగండి బాబూ! మీకు చదువొచ్చుగా? తాళంచెవి ఇలా ఇవ్వండి.”

ఇచ్చేశాడు. ఎందుకిచ్చాడో చచ్చేదాకా ఆయనకు అర్థం కాలేదు.

ఆ ఊరి పిల్లలు ఇప్పటికీ నూకాలు చాపలో అల్లిన ‘అ’ మీద కూర్చునే ‘ఆ’ దిద్దుతారు.